వెనక బెంచీ సారు

ఇప్పుడు పంతుళ్ళకు ట్రైనింగ్ అంతా ఫోన్లోనే. 2019లో కేంద్ర ప్రభుత్వం ‘నిష్ఠ’ అని ఒకటి మొదలుపెట్టింది. కరోనా కాలంలో అది ‘దీక్ష’ యాప్‌లోకి ఎక్కింది. మాడ్యూల్ తెరవాలి, వీడియో నడవాలి, ఆఖర్న నాలుగు ప్రశ్నలకు టిక్కులు కొట్టాలి, సర్టిఫికెట్ దిగుతుంది. మా చిలకలగూడ గల్లీలో ఒక టీచరమ్మ ఉంది. వీడియో పెట్టి, ఫోన్‌ను కిటికీ ఊచలకు ఆనించి, తను బెండకాయలు కోసుకుంటుంది. “వింటున్నవా అమ్మా?” అంటే “అది నడుమ ఆగకుంటే చాలు సార్, మనం వినేదేముంటది” అన్నది. ఆమెను నేను తప్పుపట్టను. రెండు తరగతులు ఒక్కతే చూసుకుంటుంది, మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క రాస్తుంది, ఓటర్ల జాబితా పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతుంది. ఇంత చేసి ఇల్లు చేరిన మనిషికి సాయంత్రం ఆరింటికి ‘ఆనందమయ అభ్యసన వాతావరణం’ చూపిస్తే బెండకాయలే కోస్తుంది మరి.

నన్నడిగితే ఒకప్పుడు ట్రైనింగ్‌లో ఒక మనిషి ఉండేవాడు. తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చునేవాడు. ఆయన ఎటు పోయాడో నలభై ఏళ్ళ నుంచీ ఎవరూ వెతకడం లేదు. నా గోలంతా ఆయన గురించే.

నేను బి.ఎడ్. చదివింది 1970ల మొదట్లో. అప్పట్లో అది ఒక్క ఏడాది చదువు. అదేదో బంగారు కాలమని చెప్పబోవడం లేదు. సైకాలజీ పేపర్ కోసం థార్న్‌డైక్ పిల్లినీ పావ్‌లోవ్ కుక్కనూ బట్టీ పట్టేవాళ్ళం. పిల్లల గురించి రాయాల్సిన చోట కూడా పిల్లీ కుక్కా వచ్చి కూర్చునేవి. పాఠం చెప్పడానికి హెర్బార్ట్ సోపానాలు ఐదు: సన్నాహం, ప్రదర్శన, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం. జర్మనీలో పుట్టిన ఆ ఐదు మెట్లూ ఎక్కకుండా మా లష్కర్‌లో, అంటే సికింద్రాబాద్‌లో, ఒక్క పాఠమూ మొదలుకాకూడదు. లెసన్ ప్లాన్ ముందురోజే రాసి సంతకం చేయించుకోవాలి. చార్టులు గీయించుకోవడానికి జనరల్ బజార్లో సైన్‌బోర్డులు రాసేవాళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళు మావాళ్ళు. ఇవన్నీ పోయినా నాకు బాధ లేదు.

పోకూడనిది ఒకటే, క్రిటిసిజం లెసన్. ఇప్పటివాళ్ళకు ఆ మాటే తెలియదు కాబట్టి చెప్తాను. ప్రాక్టీసింగ్ స్కూల్ అని ఒక నిజమైన బడి ఉండేది, అందులో నిజమైన పిల్లలు ఉండేవారు. ట్రైనింగ్‌లో ఉన్నవాడు ఒకడు పాఠం చెప్తాడు. మిగతా బ్యాచ్ అంతా నోటుబుక్కులతో వెనక కూర్చుంటుంది, వాళ్ళతో పాటు లెక్చరర్. గంట కొట్టాక ఒక గదిలో చేరి ఆ పాఠాన్ని చీల్చి చెండాడాలి. మొహమాటానికి తావు లేదు.

మా బ్యాచ్‌లో ఒకాయన మంచి మాటకారి. సీతాఫల్‌మండి దగ్గరి ఒక బడిలో ఆరో తరగతికి భిన్నాలు చెప్పాడు. జొన్నరొట్టె బొమ్మ గీశాడు, ముక్కలు చేశాడు, పిల్లల్ని నవ్వించాడు. ప్రశ్న వేస్తే గదిలో చేతులే చేతులు. తర్వాత విమర్శ మొదలైంది. గొంతు బాగుందని ఒకరు, బోర్డు మీద రాత వంకర పోలేదని ఒకరు, సాధారణీకరణం కాస్త తొందరపడిందని ఇంకొకరు. అంతా విని మా లెక్చరర్ ఒక్కటే అడిగాడు: “మూడో వరుసల గోడపక్క పిల్లగాడు ఇంతసేపు ఏం చేసిండు?” ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆయన దగ్గర ఉంది. పాఠం నడుస్తుండగానే వెనక బెంచీలోంచి లేచి పోయి, వాడి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వాడు బోర్డు మీది అంకెలన్నీ నీటుగా దించుకుంటున్నాడు. “మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా బిడ్డా?” అని గుసగుసగా అడిగితే, నాలుగో వంతే పెద్దదన్నాడట. మూడు కంటే నాలుగు పెద్దది కదా! రొట్టె బొమ్మ ఎదురుగా ఉండగానే అన్నాడా మాట. మాటకారి ముఖం చిన్నబోయింది. లెక్చరర్ ఆయన్ని ఒక్క మాట అనలేదు. “రేపు గదే పాఠం ఆ పిల్లగానికి ఒక్కనికే చెప్పు, నేనొచ్చి కూసుంట” అన్నాడు. వచ్చి కూర్చున్నాడు కూడా. నాకు తెలిసిన ట్రైనింగ్ ఇదీ.

మాకు ముందుతరంవాళ్ళది ఇంకో విచిత్రం. మా పెద్దన్న 1950ల్లో బేసిక్ ట్రైనింగ్ అయ్యాడు. 1937లో వార్ధాలో గాంధీజీ తలపెట్టిన చదువు అది. దాని పాఠ్యప్రణాళిక రాసిన కమిటీకి పెద్ద జాకిర్ హుస్సేన్, మన హైదరాబాద్‌లో పుట్టినాయనే. తకిలీ తిప్పుతూ లెక్కలు నేర్పాలి. మా అన్న వడికిన నూలు దీపం వత్తులకు కూడా పనికిరాదనేది మా అమ్మ. అయినా ఆ ట్రైనింగ్ స్కూలు ఆవరణలోనే ఒక మోడల్ బడి నడిచేది. పొద్దున పుస్తకంలో చదివింది మధ్యాహ్నం పిల్లల ముందు చేసి చూపాలి. నూలుతో పాటు ఆ బడీ పోయింది. నూలు పోవడం ఒక్కటే అందరికీ గుర్తుంది.

తర్వాత పథకాల కాలం వచ్చింది. 1984లో బ్రిటన్ డబ్బుతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు కొన్ని బడుల్లో ప్రయోగంగా మొదలైంది. 1989 నుంచి రాష్ట్రమంతా పాకింది, 1996 దాకా నడిచింది. దానికి ఆరు సూత్రాలు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగానూ విడివిడిగానూ పనిచేయాలి, ఒక్కో పిల్లవాడి తేడా గమనించాలి, ఊళ్ళో దొరికే వస్తువులు వాడాలి, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించాలి, ఇందుకు తగిన పనులు టీచరే తయారుచేసుకోవాలి. ఒక్కదాన్నయినా కాదనగలమా? మదింపు చేయడానికి ఇంగ్లండ్‌లోని సస్సెక్స్ విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్లు కూడా వచ్చారు. మా మరదలు అప్పుడు రంగారెడ్డి జిల్లాలో ప్రైమరీ టీచర్. గదికి అడ్డంగా తాళ్ళు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసేది. తనిఖీకి వచ్చినవాళ్ళు తలెత్తి తాళ్ళు లెక్కపెట్టుకొని పోయేవారు. తల దించితే పిల్లలు కనబడేవారు గాని, ఫారంలో ఆ గడి లేదు.

1986 జాతీయ విద్యావిధానం పుణ్యమా అని జిల్లాకో డైట్, అంటే టీచర్ల ట్రైనింగ్ సంస్థ, వచ్చింది. మన జిల్లాది నేరేడ్‌మెట్‌లో ఉంది. ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చి సైన్స్ కిట్లు ఇచ్చింది. పగిలితే జీతంలో కోస్తారన్న భయంతో చాలాచోట్ల అవి బీరువాల్లోనే రిటైరయ్యాయి. ఆ తర్వాత డీపీఈపీ, సర్వశిక్షా అభియాన్, క్లిప్పు, ఇంకా ఏవేవో. తెలంగాణ వచ్చాక 2022లో తొలిమెట్టు, దాని వెనక ఉన్నతి. ప్రతిదానికీ ఒక లోగో, ఒక మాడ్యూల్, ఒక గుడ్డ సంచీ. ఆ సంచులు మా ఇంట్లో మోండా మార్కెట్ కూరగాయలకు బాగా పనికొచ్చాయి. ట్రైనింగ్ ఇచ్చే పద్ధతి మాత్రం ఎప్పుడూ ఒకటే. రాజధానిలో కొందరికి చెప్తారు, వాళ్ళు జిల్లావాళ్ళకు, జిల్లావాళ్ళు మండలంవాళ్ళకు. మజ్జిగ అన్ని చేతులు మారి బడికి చేరేసరికి నీళ్ళే మిగులుతాయి.

ఇక పరిశోధన. మా రోజుల్లో పరిశోధన అంటే ఎం.ఎడ్. చేసేవాడు సైక్లోస్టైల్ ప్రశ్నావళి తెచ్చి, స్టాఫ్ రూమ్‌లో చాయ్ తాగించి, టిక్కులు పెట్టించుకొని పోవడం. ఫలితం ముందే తెలుసు: ‘పట్టణ ఉపాధ్యాయులకూ గ్రామీణ ఉపాధ్యాయులకూ వైఖరిలో సార్థక భేదం లేదు.’ ఇప్పటి పరిశోధకులను అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. 2003లో ప్రపంచబ్యాంకు, హార్వర్డ్ వాళ్ళు కలిసి 20 రాష్ట్రాల్లో 3,700 బడులకు చెప్పాపెట్టకుండా పోయి చూశారు. సర్కారు బడుల్లో నూటికి పాతిక మంది టీచర్లు ఆ రోజు లేరు. పాఠం చెప్తూ కనబడినవాళ్ళు సగం మందే. మా సంఘాలు గొల్లుమన్నాయి. సెలవులు, మీటింగులు, డిప్యుటేషన్లు అని నేనూ వాదించగలను. కానీ పాతిక పాతికే.

‘అసర్’ వాళ్ళు 2005 నుంచి ఇల్లిల్లూ తిరిగి పిల్లల చేత చదివిస్తున్నారు. 2018లో దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు సుమారు సగం. వాళ్ళు పల్లెలకే పోతారు, పట్నాల్లో అడగరు. లష్కర్ పరువు అట్లా దక్కింది.

అన్నిటికంటే పెద్ద తమాషా మన రాష్ట్రంలోనే జరిగింది. 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో, ప్రభుత్వంతో కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల నుంచి 500 సర్కారు ప్రైమరీ బడులను తీసుకున్నారు. లాటరీ వేసినట్టు వాటిని విడదీశారు. కొన్నింటిలో పిల్లల సగటు మార్కులు ఒక్క శాతం పెరిగితే టీచరుకు 500 రూపాయల బోనస్. కొన్నింటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్, కొన్నింటికి ఖర్చులకు డబ్బు, కొన్నింటికి ఏమీ లేదు. రెండేళ్ళకు లెక్క తీస్తే బోనస్ ఇచ్చిన బడుల్లో పిల్లలు లెక్కల్లో, తెలుగులో స్పష్టంగా ముందున్నారు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లోనూ ముందున్నారు. శాతానికి అయిదు వందలు! మా రోజుల్లో ఈ మాట స్టాఫ్ రూమ్‌లో అని ఉంటే కుర్చీలు లేచేవి.

ఆ పరిశోధనలో నన్ను పట్టుకున్నది బోనస్ కాదు. మామూలు బడుల్లో ట్రైనింగ్ అయిన టీచరుకూ కానివారికీ పిల్లల చదువులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బోనస్ ఉన్నచోట మాత్రం ట్రైనింగ్ ఎక్కువున్న టీచర్ల పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. అంటే విద్య చేతిలో ఉంది, మామూలు రోజుల్లో దాన్ని బయటికి తీయమని అడిగేవాడు లేడు. వాళ్ళు డబ్బుతో అడిగారు. మా లెక్చరర్ మూడో వరుస పిల్లవాడి పేరుతో అడిగాడు.

దీనికి జవాబుగా “చూసేవాడు ఉంటే చాలంటావు, అదీ చేసి చూశారు” అని మా మనవరాలు ఇంకో పేపర్ నా మొహాన పెట్టింది. అదే జట్టు 100 బడుల్లో బోనస్ లేకుండా వేరే పని చేసింది. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ తప్పుతున్నారో టీచర్లకు వివరంగా రిపోర్టులు ఇచ్చింది, మధ్యమధ్య మనుషులు వచ్చి క్లాసు చూసిపోయారు. చూస్తున్నంతసేపూ టీచర్లు హుషారుగా చెప్పారు. ఏడాది చివర పిల్లల మార్కులు మాత్రం మిగతా బడుల మాదిరిగానే ఉన్నాయి. “ఇప్పుడేమంటవ్ తాతా?” అంది. అనడానికేముంది? వచ్చినవాళ్ళు చూశారు, రాసుకున్నారు, పోయారు. టీచరు చేతిలో కాగితం మిగిలింది. చూసినవాడు గంట కొట్టాక గదిలో కూర్చుని “ఆ పిల్లగాడు ఏం చేసిండు” అని అడిగితేనే కదా పాఠం మారేది. దాన్ని 500 బడుల్లో లాటరీ వేసి కొలవమనండి, అప్పుడు ఒప్పుకుంటాను. మనవరాలు నవ్వి ఊరుకుంది. ఆర్థికవేత్తలకు వెనక బెంచీ దొరకదులే అంది.

ఇంతవరకూ చదివి ‘ముసలాయన మన పార్టీయే’ అని సంతోషించే మిత్రులు కొందరున్నారు. పద్మారావునగర్ పార్కులో పొద్దున్నే కలుస్తారు. లష్కర్ పాత కాపులు. మహబూబ్ కాలేజీ 1862 నాటిదనీ, 1893లో అమెరికా పోకముందు వివేకానందుడు అక్కడే ఉపన్యసించాడనీ తాము విన్నట్టే చెప్తారు. వాళ్ళ మాట ఎక్కడ మొదలైనా బెత్తం దగ్గరికే చేరుతుంది. “మనల్ని కొట్టిన్రు కాబట్టే ఇంతటోళ్ళమైనం. ఇప్పుడు టీచర్ చెయ్యెత్తితే పోలీస్ కేసు. ఇంక చదువు ఎట్లొస్తది?” తొడపాశం, గోడకుర్చీ, కోదండం, మెటికల మీద స్కేలు, అన్నీ ముద్దుగా చెప్పుకుంటారు.

ఈ ఒక్కచోట నాకు పాత రోజులంటే ఒళ్ళు మండుతుంది. ఆ పార్కు బెంచీ మీద కూర్చున్నది బ్యాంక్ మేనేజర్లు, రైల్వే ఆఫీసర్లు, నా బోటి హెడ్‌మాస్టర్లు. దెబ్బలకు జడిసి నాలుగో తరగతిలోనే బడి ఎగ్గొట్టి మోండాలో మూటలు మోసినవాడు, ఆలుగడ్డబావి దగ్గర పంక్చర్లు వేసినవాడు పొద్దున వాకింగ్‌కు రాడు. అతన్ని కూర్చోబెట్టి అడిగితే బెత్తం గొప్పతనం తేలుతుంది. మా తరగతిలో మొదలుపెట్టిన వాళ్ళలో పదో తరగతి దాకా ఎందరు వచ్చారో ఈ మిత్రులు ఎప్పుడూ లెక్కపెట్టరు.

లెక్కపెట్టినవాళ్ళు ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ‘యంగ్ లైవ్స్’ పేరుతో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లల్ని 2002 నుంచి ఏళ్ళ తరబడి వెంబడించింది. అదే పిల్లల దగ్గరికి మళ్ళీ మళ్ళీ పోయి, బడి ఎట్లా ఉందని వాళ్ళనే అడిగారు. అధికారిని అడగలేదు, తల్లిదండ్రులతో సరిపెట్టలేదు. ఇది మాత్రం మా రోజుల్లో లేదు. ఉంటే బాగుండేది. 2009లో అడిగినప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లల్లో నూటికి 78 మంది గడిచిన వారంలో టీచరు చేతిలో దెబ్బలు తిన్నామన్నారు. పదిహేనేళ్ళ వాళ్ళలో 34 మంది. చిన్నవాడికే ఎక్కువ దెబ్బలు, తిరగబడలేడు కనక. కొట్టరాదని 2002లోనే మన ప్రభుత్వం జీవో ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మళ్ళీ అదే చెప్పింది, మానసిక వేధింపు కూడా కూడదని కలిపింది. జీవో టీచరు చేతిలోంచి బెత్తం తీసుకుంది. బదులుగా ఏమీ పెట్టలేదు. నలభై ఐదు మంది ఒక్కసారి గోల చేస్తే, ఒకడు రోజూ పక్కవాణ్ణి గిల్లితే, ఒకడు మొండిగా పుస్తకం తెరవకపోతే ఏం చేయాలి? నా బి.ఎడ్.లో ఈ పాఠం లేదు. ఇప్పటి మాడ్యూళ్ళలో ‘స్నేహపూర్వకంగా మెలగాలి’ అని ఒక స్లైడు ఉంటుంది. మెలగడం ఎట్లాగో చేసి చూపించేవాడు లేడు.

దీన్ని చేసి చూపినవాళ్ళు మన పక్కనే వెస్ట్ మారేడ్‌పల్లిలో ఉన్నారు. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరు మీద 1981లో పెట్టిన ఫౌండేషన్. ఆయన మనవరాలు శాంతా సిన్హా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం ప్రొఫెసర్‌గా పనిచేసిన ఆవిడ, 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో వెట్టి పిల్లల్ని బడికి తెచ్చే పని మొదలుపెట్టింది. 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలైంది. ఆమె పట్టు ఒకటే: బడిలో లేని పిల్లలు ప్రతి ఒక్కరూ బాలకార్మికులే. పత్తి చేలలో పనిచేసిన పదేళ్ళ పిల్ల ఒకటో తరగతిలో చిన్నపిల్లల నడుమ కూర్చోలేదు, సిగ్గుతో మళ్ళీ పారిపోతుంది. అందుకని బ్రిడ్జి కోర్సు శిబిరాలు పెట్టి, ఆ వయసుకు తగిన తరగతిలో కలిసేలా కొన్ని నెలల్లో తయారుచేశారు. నేర్పినవాళ్ళలో చాలామంది ఊళ్ళో నాలుగక్షరాలు చదువుకున్న యువకులు. వాళ్ళకు హెర్బార్ట్ ఎవరో తెలియదు. ‘ఈ పిల్లలకు చదువు రాదు’ అని మా స్టాఫ్ రూముల్లో తీర్పులిచ్చిన పిల్లలే అక్కడ చదివారు. బి.ఎడ్. పట్టా గోడకు తగిలించుకున్న మా బోటివాళ్ళకు ఇది మింగుడుపడే సంగతి కాదు.

బోయిన్‌పల్లి వైపు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఇంకో సంస్థ ఉంది. మానసిక వికలాంగుల జాతీయ సంస్థ అనేవాళ్ళం, ఇప్పుడు పేరు మారింది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు చెప్పే టీచర్లు అక్కడ తయారవుతారు. ఒక్కో పిల్లకూ విడిగా ప్లాన్ రాయడం వాళ్ళ పనిలో మొదటి మెట్టు. ఈ పిల్ల ఈ నెలలో గుండీ పెట్టుకోవడం నేర్చుకోవాలి, వచ్చే నెలలో బస్సు నంబరు గుర్తుపట్టాలి, అట్లా. మామూలు పిల్లలకు ఆ అదృష్టం లేదు. వాళ్ళకు అందరికీ కలిపి ఒకటే ప్లాను, అదీ అచ్చయి వస్తుంది.

ఆ అచ్చు సంగతి ప్రైవేటు బడుల్లో చూడాలి. యంగ్ లైవ్స్ పిల్లల్లోనే ఎనిమిదేళ్ళ వయసులో ప్రైవేటు బడికి పోయేవాళ్ళు 2002లో నూటికి 24, 2009కి 44. ఇది రాష్ట్రం లెక్క. వారాసిగూడ నుంచి మెట్టుగూడ దాకా నడిచి చూడండి, సర్కారు బడి ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి. మూడంతస్తుల అద్దె ఇల్లు, మెట్ల కింద ప్రిన్సిపాల్ గది, మేడ మీద రేకుల షెడ్డులో ‘డిజిటల్ క్లాస్’, బోర్డు మీద టెక్నో, ఒలింపియాడ్, గ్లోబల్ మాటల్లో కనీసం రెండు. డిగ్రీ అవ్వగానే పెళ్ళయ్యే దాకా వచ్చే ఆడపిల్లలే టీచర్లు. ట్రైనింగ్ ఉండదు, జీతం ఎంతో చెప్పుకోలేరు. ఏ రోజు ఏ పేజీ చెప్పాలో మైక్రో షెడ్యూల్ హెడ్డాఫీసు నుంచి వస్తుంది. గోడపక్క పిల్లవాడికి భిన్నాలు రాకపోతే? షెడ్యూల్‌లో ఆ తేదీ అయిపోయింది, రేపు దశాంశాలు. మురళీధరన్ వాళ్ళే మన రాష్ట్రం పల్లెల్లో లాటరీ వేసి కొందరు పిల్లల్ని ప్రైవేటు బడులకు పంపి చూశారు. నాలుగేళ్ళ తర్వాత తెలుగులో, లెక్కల్లో వాళ్ళకూ సర్కారు బడి పిల్లలకూ తేడా లేదు, హిందీ మాత్రం ప్రైవేటు బడి పిల్లలకు బాగా వచ్చింది. ప్రైవేటు బడి ఖర్చు తలకు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు కాబట్టి ఆర్థికవేత్తలకు అది మెచ్చదగిన ఫలితమే. చిట్టీ ఎత్తి ఫీజు కట్టే తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

సంచి బరువు గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. యశ్‌పాల్ కమిటీ 1993లో మొత్తుకుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి ఐదు కిలోలు దాటరాదని ఉత్తర్వు ఇచ్చింది. మా ఎదురింటి రెండో తరగతి పిల్ల సంచి నేను ఒక చేత్తో లేపలేను. తక్కెడ పట్టుకొని బడికి పోయిన అధికారిని నేనైతే ఇంతవరకూ చూడలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మనవరాలు బి.ఎడ్. రెండో సంవత్సరం. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో టీచర్ ట్రైనింగ్ కాలేజీల గుట్టు విప్పింది. సర్వీసుకు ముందు ట్రైనింగ్ ఇచ్చే సంస్థల్లో నూటికి దాదాపు 90 ప్రైవేటువే. ఆ తర్వాతే, 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ళయింది, బడిలో ఇరవై వారాలు గడపాలన్నారు. కాగితం మీద మా కాలం కంటే ఎంతో మెరుగు. మనవరాలు ఇంటర్న్‌షిప్‌కు ఒక హైస్కూల్లో చేరిన మొదటి రోజే ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లు చేతిలో పెట్టారు. లెక్కల పోస్టు ఖాళీ. “పిల్లలు ఊరికే కూర్చుంటున్నరమ్మా, మంచిగొచ్చినవ్” అన్నారట. కాలేజీ నుంచి సూపర్‌వైజర్ వచ్చాడు, ఇంటర్న్‌లందరినీ గేటు ముందు బ్యానర్ పట్టించి నిలబెట్టాడు, లొకేషన్ పడేలా ఫోటో తీసుకున్నాడు, పోయాడు. లెసన్ ప్లాన్ల రికార్డు రాసిపెట్టినవి దొరుకుతాయని తోటి పిల్లలు చెప్పారు. మాది చార్టులు సైన్‌బోర్డులవాళ్ళ చేత గీయించుకున్న తరం, కాబట్టి దాని మీద నేను గట్టిగా మాట్లాడలేను. క్రిటిసిజం లెసన్ ఎప్పుడని అడిగితే, “అదేంది తాతా?” అంది.

చెప్పాను. విని కాసేపు ఆలోచించి, “ఎనిమిదో తరగతి పిల్లలల్ల పదిమందికి భాగహారం రాదు తాతా. నాకు దొరికినోళ్ళు పదిమంది. దొరకనోళ్ళు ఎంతమందో” అంది. నాకు ముచ్చటేసింది. బి.ఎడ్. చదువుతుండగా ఆ ప్రశ్న తోచినవాళ్ళు మా బ్యాచ్‌లో లేరు. ఫోన్లో మాడ్యూల్ చూసి ఆ ప్రశ్న రాలేదు, రెండు సెక్షన్లతో ఒంటరిగా కుస్తీ పట్టడం వల్ల వచ్చింది. కానీ జవాబు ఒంటరిగా రాదు. “నేనొచ్చి వెనక కూసుంట” అన్నాను.

ఆ బడి హెడ్‌మాస్టర్ మంచి మనిషి. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, “తప్పకుండ రండి సార్, కానీ బయటివాళ్ళను క్లాసుల కూసోబెట్టాలంటే పైనుంచి పర్మిషన్ కావాలె” అన్నాడు. పై ఆఫీసుకు పోయాను. “ఏ హోదాలో సార్?” అని అడిగాడు గుమాస్తా. రిటైర్డ్ టీచర్ని అన్నాను. ఫారంలో తల్లిదండ్రులు, తనిఖీ అధికారి, ఎన్జీవో, దాత అని నాలుగు గళ్ళున్నాయట, రిటైర్డ్ టీచర్ అనే గడి లేదట. కాసేపు ఇద్దరం ఆ కాగితం వంక చూశాం. అతనే దయతలచి, “దాత అని పెట్టున్రి సార్, ఏదో ఒకటి ఇస్తున్నట్టు రాయున్రి” అన్నాడు. దాత అని టిక్కు పెట్టాను. ‘ఎనిమిదో తరగతి ఎ సెక్షన్‌కు వెనక బెంచీ ఒకటి’ అని రాశాను. రాణిగంజ్‌లో బేరం కూడా అయిపోయింది. ఇనుప కాళ్ళది, ఇద్దరు పట్టేది.